'అట' యను మాట: వార్తాప్రసంగములో దాని విలువ

లోకవ్యవహారమును గూర్చి నలుగురు కూడి మాటలాడుకొనుట తెలుగువారికి క్రొత్త గాదు. ఊరి నడుమ రచ్చబండ, వీధి అరుగు, చెరువుగట్టు, మంగలి దుకాణము, టీకొట్టు, రైలుపెట్టె - ఇవన్నియు అట్టి మాటలకు నెలవులే. ఎన్నికలలో ఎవరు నిలుచుచున్నారు, ఏ పన్ను పెరిగినది, ఏ మంత్రి పదవి పోయినది, ప్రక్క యూరిలో గొడవ యెందుకు పుట్టినది - ఇట్టి ప్రసంగము లేని దినము లేదు. ఈ ప్రసంగముల విషయమును భాషాధ్యాపకులమైన మనము పత్రికలవారికిని, రాజనీతిశాస్త్రజ్ఞులకును విడిచిపెట్టినాము. అది న్యాయమే కావచ్చును. కాని వాని వ్యాకరణమును గూడ విడిచిపెట్టినాము. అది న్యాయము గాదు. వార్తను గూర్చి జనులు మాటలాడుకొనునప్పుడు భాష చేయవలసిన పని యొకటి కలదు. ఆ పని నేడు జరుగవలసినంతగా జరుగుటలేదు. దానివలన ప్రాణహాని గూడ కలుగుచున్నది. ఈ యంశమును భారతీయ భాషాధ్యాపకుల దృష్టికి తెచ్చుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము. అందులకు నేనెన్నుకొన్న మాట మిక్కిలి చిన్నది. అది 'అట'.

తెలుగు తెలిసినవారికి దీనిని వివరింప బనిలేదు. ఇతర భాషలవారికొరకు కొంత చెప్పెదను. 'మంత్రి రాజీనామా చేశాడు' అన్నచో వక్త ఆ విషయమునకు తానే పూచీ పడుచున్నాడు. 'మంత్రి రాజీనామా చేశాడట' అన్నచో తాను విన్నదానిని వినిపించుచున్నాడు, పూచీ పడుటలేదు. భేదమంతయు వాక్యము చివరి రెండక్షరములలో నున్నది. తెలంగాణమునను, రాయలసీమయందును ఇది తరచుగా 'అంట' యగును: 'చేసిండంట', 'చేసినాడంట'. ప్రాచీనకావ్యములలో అరసున్నతో 'అఁట' యని కనిపించును. 'అను' ధాతువుతో దీనికి గల చుట్టరికము స్పష్టము. ఐనను 'అని' వేఱు, 'అట' వేఱు. 'రాజీనామా చేశాడని సుబ్బయ్య చెప్పాడు' అన్నప్పుడు చెప్పినవాడు పేరుతో సహా సాక్షిగా నిలుచుచున్నాడు. 'చేశాడట' అన్నప్పుడు సాక్షి యొకడున్నాడని మాత్రమే తెలియును, వాడెవడో తెలియదు. అందుచేతనే 'అట' విన్న వెంటనే ఎదుటివాడు 'ఎవరన్నారు?' అని యడుగును. ఆ ప్రశ్నకు చోటు విడుచుట 'అట' యొక్క గుణము.

ఇది ఒంటరి మాట గాదు, ఒక మెట్లవరుసలోనిది. 'వచ్చాడు' అన్నది వక్త యెరిగిన సంగతి. 'వచ్చాడట' అన్నది విన్న సంగతి. 'వచ్చినట్టుంది' అన్నది గుర్తును బట్టి ఊహించిన సంగతి; వాకిట చెప్పులు కనబడినవి. 'వచ్చే ఉంటాడు' అన్నది కారణమును బట్టి నిశ్చయించిన సంగతి; బండి వచ్చు వేళ దాటినది. 'వచ్చాడేమో' అన్నది సందేహము. ప్రత్యక్షము, అనుమానము, శబ్దము మొదలుగా ప్రమాణములను విభజించి నైయాయికులు గ్రంథములు వ్రాసిరి. అక్షరము నేర్వని ముసలమ్మ ఆ విభాగమును క్రియాపదము తోకలో పెట్టుకొని దినమునకు నూరుమార్లు తప్పు లేక వాడుచున్నది.

'అట'కు గల ఇతర ప్రయోగములు గూడ ఈ మూలార్థమునుండి పుట్టినవే. 'ఎప్పుడు వస్తాడట?' అనుటలో, అతడు ఎదుటివానితో చెప్పిన మాట యేదో దానిని చెప్పుమని యడుగుట యున్నది. 'నేను తిట్టానట!' అనుటలో ఆరోపణను వినిపించుచునే త్రోసివేయుట యున్నది. 'పెద్ద పండితుడట!' అనుటలో వెక్కిరింత యున్నది. సామెతలలో సైతము ఈ మాట కాపురమున్నది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నాడట ఒకడు. విన్నదానిని విన్నట్లే నమ్మినవానిని పరిహసించు సామెత తానే 'అట'తో ముగియుట గమనింపదగినది. నమ్మరాని మాటను గూర్చి చెప్పునప్పుడు గూడ చెప్పువాడు తన హద్దును దాటలేదు.

1956లో ఎం. బి. ఎమెనో భారతదేశమును ఒక భాషామండలముగా నిరూపించినప్పటినుండి కుటుంబభేదములను దాటిన పోలికలను మనము వెదకుచున్నాము. 'అట' వంటి మాటలు ఆ వెదకులాటలో ముందుగా లెక్కింపదగినవి. కన్నడమున 'అంతె', తమిళమున 'ఆమ్', మలయాళమున 'అత్రె' కలవు. మరాఠీవారు 'మ్హణే' యందురు. నేపాలీలో 'రే', సింహళమున 'లు' ఇదే పనిని చేయుచున్నవి. బంగ్లాలో 'నాకి' కొన్ని సందర్భములలో ఈ యర్థము నిచ్చును. వీనిలో కొన్నింటి పుట్టుక 'అను' అను నర్థముగల ధాతువునుండి. తమిళ 'ఆమ్' 'అగు' అను నర్థముగల ధాతువునుండి. పుట్టుకలు వేఱైనను పని యొక్కటే. హిందీలో ఇట్టి ప్రత్యయము లేదు. 'సునా హై', 'కహతే హైఁ', 'సుననే మేఁ ఆయా హై' యని విడివాక్యముతో చెప్పుకొందురు.

సంస్కృతము ఈ భేదమును రెండు విధముల పాటించినది. 'కిల' యను అవ్యయమునకు వార్త, సంభావ్యము అని అమరకోశము అర్థము చెప్పినది. వార్తకు ప్రత్యేకముగా ఒక అవ్యయమే యున్నదన్నమాట. ఇక పాణిని పరోక్షభూతమున లిట్టును విధించెను. వక్త కన్నులారా చూడని గతమునకు వేఱొక క్రియారూపము. 'పరోక్ష'మనగా నేమి యన్న ప్రశ్న మహాభాష్యమున వచ్చినది. నూరేండ్ల క్రిందట జరిగినదని కొందరు, వేయేండ్ల క్రిందటిదని కొందరు, గోడకో చాపకో అవతల జరిగినదని కొందరు, రెండు మూడు దినముల నాటిదని కొందరు అనిరని పతంజలి చెప్పినాడు. ఈ పక్షములలో మూడవది నేటి వార్తకు సరిగా సరిపోవును. మనము దినమంతయు చర్చించు రాజకీయమంతయు గోడ కవతల జరుగుచున్నదే గదా. మంత్రివర్గపు గదిలో జరిగినది, సరిహద్దున జరిగినది, ప్రక్క జిల్లాలో జరిగినది - మనలో ఎవరు చూచినారు? న్యాయముగా మన వార్తాప్రసంగములోని వాక్యములలో పదింట తొమ్మిది 'అట'తో ముగియవలెను. అట్లు ముగియుటలేదు.

ఈ సంగతి నాకు తట్టినది గ్రంథములవలన గాదు. తరగతిలో ఒకటి, నా యింట ఒకటి జరిగిన రెండు చిన్న విషయములవలన. నేను ఇరువదియేండ్లకు పైగా తెలుగుదేశమునకు వెలుపల, హిందీ వ్యవహారభాషగా గల నగరమున తెలుగు చెప్పుచున్నాను. అనువాదతరగతిలో ఒకనాడు పత్రికాప్రసంగమునకు తగిన చిన్న వాక్యముల నిచ్చి హిందీలోనికి మార్చుమంటిని. వానిలో 'మంత్రి రాజీనామా చేశాడట' యన్నది యొకటి. తరగతిలో ఎక్కువమంది 'మంత్రీ నే ఇస్తీఫా దే దియా' అని వ్రాసినారు. 'అట' యేమైన దని యడిగితిని. ఒక విద్యార్థి, 'అది అలంకారం కదా సార్, అర్థంలో తేడా ఏముంది?' అన్నాడు. విద్యార్థి తెలివిగలవాడు, పుట్టుకచేత తెలుగువాడు. ఇంట అమ్మతో మాటలాడునప్పుడు ఆ తేడాను ఒక్కనాడును తప్పడు. కాగితము మీద పెట్టునప్పుడు మాత్రము అది అలంకారమైనది. తప్పు వానిది గాదు. వానికి చెప్పని మాది. మేము 'అట'ను అవ్యయముల పట్టికలో చూపి ముందుకు సాగినాము. వాక్యముయొక్క సత్యమునకు అది తాళపుచెవి యని చెప్పలేదు.

రెండవది నా దోషము. ఒక ఉదయమున మిత్రుడొకడు ఫోనులో, వృద్ధులైన ఒక పండితుని పేరు చెప్పి 'పోయారట' అన్నాడు. వారు నాకు గురుతుల్యులు. మనసు కలతపడినది. వెంటనే శిష్యబృందమునకు సందేశము వ్రాసితిని. అందులో 'పోయారు' అని వ్రాసితినిగాని 'పోయారట' అని వ్రాయలేదు. సంతాపవాక్యమున 'అట' బాగుండదనిపించినది. గంటలో నూరుమందికి తెలిసినది. ఇద్దరు పద్యములు గూడ వ్రాసినారు. మధ్యాహ్నమున ఆ పండితుడే ఫోను చేసి, 'నాయనా, నేనింకా ఉన్నానట!' అన్నారు. ఆయన నవ్వినారు, నేను నవ్వలేకపోయితిని. నాకు చెప్పిన మిత్రుడు తెలుగు ఉపాధ్యాయుడు గాడు. ఐనను అతడు వ్యాకరణమును తప్పలేదు. 'అట' యను రెండక్షరములను అతడు నా చేతిలో పెట్టినాడు. వానిని పారవేసినది తెలుగు ఆచార్యుడనైన నేను. ఆ దినమునుండి ఈ మాటను నేను వేఱుగా చూచుచున్నాను.

ఇది నా యొక్కని తొందరపాటుతో ముగియు సంగతి యైనచో వ్యాసముగా వ్రాయ బనిలేదు. మన వ్రాతభాషయే 'అట'ను చిరకాలముగా దూరముగా నుంచినది. అది ఆడువారి ముచ్చటలకు, పిల్లల కథలకు, పుకారునకు తగిన మాట యనియు, పెద్దమనిషి వ్రాతకు తగదనియు ఒక భావమున్నది. తెలుగు పత్రికలు పెరిగిన తీరును చూచిన ఇది తెలియును. 1902లో కృష్ణాపత్రిక, 1908లో వారపత్రికగాను 1914లో దినపత్రికగాను ఆంధ్రపత్రిక వెలువడిన కాలమునుండి తెలుగున వార్తారచన యొక శైలిగా ఏర్పడినది. రూఢికాని వార్తకు పత్రికలు 'అని భోగట్టా', 'అని వినికిడి', 'అని వదంతి' యని వ్రాయుట మా తరమువారు చదివినదే. 'భోగట్టా' చూచిన పాఠకుడు ఇది తూకము వేయవలసిన సరకు అని గ్రహించెడివాడు. నేడు ఆ చోటున 'తెలుస్తోంది', 'సమాచారం', 'విశ్వసనీయ వర్గాల కథనం' అనునవి నిలిచినవి. వీనికిని 'అట'కును గల భేదము సూక్ష్మము, కాని పెద్దది. 'అట' విన్నవాడు 'ఎవరన్నారు?' అని యడుగగలడు. 'తెలుస్తోంది' అన్నచో ఎవరికి తెలియుచున్నదో చెప్పు కర్త లేడు. 'విశ్వసనీయ' యన్నచో అడుగకముందే నమ్ముమని చెప్పినట్లయినది. మొదటిది తలుపు తెరచి యుంచును. తక్కిన రెండును మూయును. టెలివిజనులో మరియొక ఉపాయము వచ్చినది: 'మంత్రి రాజీనామా?' అని ప్రశ్నార్థకచిహ్నముతో అక్షరములు పరుగెత్తుచుండును. ప్రశ్న యడుగువాడెవడో, ఉత్తరమెవడు చెప్పవలెనో తెలియదు. చూచినవాడు ఆ చిహ్నమును మరచి తక్కినదానిని ఇంటికి తీసికొనిపోవును.

ఇంతవరకు చెప్పినది శైలికి సంబంధించినది. 2018లో జరిగినది శైలికి సంబంధించినది గాదు. ఆ సంవత్సరము మే నెలలో, పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలో వదంతి వ్యాపించినది. ఊరికి క్రొత్తవారు, బిచ్చగాండ్రు, మతి చలించినవారు కనబడినచో కొట్టిరి, ప్రాణములు పోయినవి. జులై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రైన్‌పాడా గ్రామమున సంచారజాతికి చెందిన ఐదుగురిని జనులు కొట్టి చంపిరి. జులై 13న కర్ణాటకలోని బీదరు జిల్లా ముర్కి గ్రామమున హైదరాబాదునుండి వెళ్లిన ఒక యువ ఇంజనీరును చంపిరి. ఆయన మిత్రులు గాయపడిరి. ఆ బృందములో ఒకరు దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచుటయే అనుమానమునకు మూలము. వారి కారు ముందుకు సాగినది. సందేశము కారుకంటె ముందుగా తరువాతి యూరికి చేరినది. నాలుగు రోజులకు, జులై 17న, మూకహత్యలను అరికట్టుటకు ప్రభుత్వములు చేయవలసిన పనులను సుప్రీంకోర్టు ఒక తీర్పున నిర్దేశించినది.

ఆ దినములలో చేతులు మారిన దృశ్యఖండములలో ఒకటి కరాచీలో తీయబడినది. పిల్లల రక్షణను గూర్చి హెచ్చరించుటకు తీసిన చిన్న చిత్రమది. అందులో మోటారుసైకిలుపై వచ్చిన ఇద్దరు ఒక పిల్లవానిని ఎత్తుకొనిపోవుదురు. పిదప తిరిగి వచ్చి వానిని దింపి, హెచ్చరిక వ్రాసిన పలకను చూపుదురు. మన దేశమున ప్రచారమైన ఖండములో ఆ కడపటి భాగము లేదు. ఎవరో కత్తిరించినారు. భాషాధ్యాపకునిగా నాకిది ఒక వ్యాకరణదోషముగా కనబడుచున్నది. వాక్యము చివరనున్న పదమును కోసి, తక్కినదానిని నిజముగా నడిపించుట - 'అట'ను కోయుటయు నిదియే.

అప్పుడొక ప్రశ్న కలుగును. 'అట', 'అంతె', 'మ్హణే' గల భాషల ప్రాంతములలోనే గదా ఈ ఘోరములు జరిగినవి? ఆ మాటలు ప్రజలనేల కాపాడలేదు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రధానము.

'అట' నోటిలో పుట్టు మాట. పూర్వము ఒక వార్త పదిమందిని దాటి రావలెనన్నచో పదిమంది దానిని పదిమారులు తమ నోట పలుకవలసి యుండెను. పలికిన ప్రతివాడును, ఇష్టమున్నను లేకున్నను, 'ఎత్తుకెళ్లారు' అనవలెనో 'ఎత్తుకెళ్లారట' అనవలెనో నిర్ణయించుకొనవలసి వచ్చెడిది. తెలుగు వ్యాకరణము ప్రతివానిని గడప యొద్ద నిలిపి, 'నీవు చూచితివా, వింటివా?' అని యడిగెడిది. అబద్ధమాడువాడు గూడ ఆ ప్రశ్నకు తెలిసి తప్పు సమాధానము చెప్పవలసి యుండెను. నేడు వార్తను మరల పలుక బనిలేదు. ఒకడు వ్రాసిన వాక్యమును మరియొకడు బొటనవ్రేలితో తాకిన చాలును. ఉన్నది ఉన్నట్లుగా నూరుమందికి పోవును. పంపినవాడు ఒక్క వాక్యమైనను నిర్మింపలేదు. వాక్యము నిర్మింపనివానిని వ్యాకరణము ఏమి యడుగగలదు? మొదటివాడు 'అట' లేక వ్రాసినచో, అది లేకయే లక్షవవాని చేతికి చేరుచున్నది. ప్రతివాడును తాను చెప్పలేదనియే యనుకొనును. తిలాపాపము తలా పిడికెడు.

దీనికి తోడు మన వాక్యనిర్మాణమున ఒక చిక్కున్నది. హిందీ, ఇంగ్లీషులలో 'విన్నాను' అను మాట సాధారణముగా వాక్యమునకు ముందు వచ్చును. వినువాడు మొదటనే జాగ్రత్తపడును. తెలుగున క్రియ చివర, దాని తోకగా 'అట'. తొందరగా చదువు కన్ను చివరికి చేరకముందే విషయము మనసున నాటుకొనును. కత్తిరించుటకును చివరి భాగమే సులభము. నోటి మాటలో ఈ చిక్కు లేదు. ఏలయన పలుకువాని గొంతు మొదటినుండియే 'అట'కు తగిన రాగమున నడచును. వ్రాతలో ఆ రాగము వినబడదు.

గమనింపదగిన మరియొక విషయము: 2018 జులైలో వాట్సాప్ సంస్థ, ఇతరులనుండి వచ్చి పంపబడిన సందేశముపై 'ఫార్వర్డెడ్' అను చీటీని అంటించుట మొదలుపెట్టినది. అదే నెలలో భారతదేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని హద్దు పెట్టినది. 2020 ఏప్రిల్‌లో, మిక్కిలిగా చేతులు మారిన సందేశమును ఒకేసారి ఒక్కచోటికే పంపవలెనన్నది. ఆ చీటీ యేమి? అది యంత్రము పలికిన 'అట'! మనుష్యులు విడిచిన పనిని యంత్రము చేత చేయించుటకు ప్రయత్నము. కాని పాఠమును నకలు తీసి క్రొత్తగా అతికించినచో ఆ చీటీ యూడిపోవును. నాలుకపైనున్న 'అట'కు గల కట్టుబాటు దానికి లేదు.

ఆ సంవత్సరమే జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో పోలీసులు చేసిన పనిని ఇక్కడ తలచుకొనవలెను. వారు పల్లెపల్లెకు పోయి, డప్పు వాయించి జానపదకళాకారులచేత పాటలు పాడించి, వచ్చిన సందేశమును నమ్మకముందు విచారింపుమని ప్రజలకు చెప్పించినారు. వార్తను మరల మనుష్యుని నోటికి, నలుగురు ఎదురెదురుగా నిలుచు చోటికి తెచ్చినారు. అచ్చట 'ఎవరన్నారు?' అని యడుగుటకు మనిషి యుండును. భాషాశాస్త్రదృష్టితో చూచినచో వారు చేసినది 'అట'ను పునఃప్రతిష్ఠించుటయే.

నా యభిప్రాయమునకు ఆక్షేపణలు లేకపోలేదు. 'అట' పుకారునకు గొడుగు గదా యని కొందరందురు. ఎవనిపైనైనను బురద చల్లి 'నేనన్నానా? అట అన్నాను' అని తప్పించుకొనువారున్నారు. నిజమే. ఆకాశరామన్న యుత్తరములు వ్రాసినవారికి గూడ కలము చేతిలోనే యుండెను. అందుకు కలమును నిందింపము. 'అట' యొక్కటియే చాలదు. దాని వెనుక వచ్చు 'ఎవరన్నారు?' అను ప్రశ్న గూడ కావలెను. ఈ రెండును జంట. రచ్చబండ మీద పెద్దలు మొదటిదానిని విన్నంతనే రెండవదానిని అడిగెడివారు. ప్రశ్న పోయినచోట 'అట' గొడుగగును. 'అట' పోయినచోట ప్రశ్నయే పుట్టదు. రెండవ స్థితి మొదటిదానికంటె అపాయకరము.

'అట' గల భాష మాటలాడువారు లేనివారికంటె సత్యవంతులని నీవనుచున్నావా యని మరికొందరు అడుగవచ్చును. అట్లనుట లేదు. ఏ జాతియు భాషవలన సత్యవంతము గాదు. రైన్‌పాడా, ముర్కి గ్రామములే అందుకు సాక్షి. హిందీవారును, ఇంగ్లీషువారును తమ తమ రీతుల జాగ్రత్తలను చెప్పుకొనగలరు. చట్టము సైతము భాషతో నిమిత్తము లేక ఈ భేదమును పాటించినది: నోటి సాక్ష్యము చూచినవానిదైనచో చూచినవాడే, విన్నవానిదైనచో స్వయముగా విన్నవాడే చెప్పవలెనని 1872 నాటి సాక్ష్యచట్టము విధించినది, 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము ఆ నియమమును నిలుపుకొన్నది. న్యాయస్థానమున వకీలు అడుగు ప్రశ్నను మన భాష టీకొట్టులో అడుగుచున్నదనియే నా మాట. ఉన్న సాధనమును వాడకుండుట, లేకుండుటకంటె పెద్ద లోపము.

ఇక మనము చేయదగినదేమి? మొదటిది బోధనలో. తెలుగును రెండవ భాషగా నేర్చు విద్యార్థులకు 'అట'ను అవ్యయముల పట్టికలో గాక, 'వచ్చాడు' మొదలు 'వచ్చాడేమో' వరకు గల మెట్లవరుసలో నేర్పవలెను. అనువాదతరగతిలో 'అట' జారినచో దానిని శైలిదోషముగా గాక అర్థదోషముగా లెక్కించి మార్కులు తగ్గింపవలెను. రెండవది పత్రికారచనలో. 'తెలుస్తోంది' అని కర్త లేని వాక్యము వ్రాయుటకంటె, 'అని వినికిడి. ధ్రువపడలేదు' అని వ్రాయుట నిజాయితీ యని మన శిష్యులైన విలేఖరులకు చెప్పవలెను. మూడవది యంత్రానువాదమునకును, భాషాపాఠసంచయములకును సంబంధించినది. నేడు ఎల్లెడల భారతీయ భాషల వాక్యములు యంత్రములకొరకు ప్రోగుచేయబడుచున్నవి. వానిలో చూచిన వాక్యము, విన్న వాక్యము అను గుర్తును వేయకున్నచో, యంత్రము గూడ నా విద్యార్థివలెనే దానిని అలంకారమనుకొనును. ఆ గుర్తు వేయగలవారు ఇంజనీర్లు గారు, మనమే.

నాలుగవది పరిశోధనలో. పురాణకథనమున 'అఁట' ప్రయోగమును గూర్చి మనము శ్రద్ధగా చదివినాము. కాని టీకొట్టులో, రైలుపెట్టెలో, పెండ్లిపందిరిలో, ఎన్నికల దినములలో ఇది యెట్లు నడచుచున్నదో కూర్చుండి వ్రాసికొన్నవారు తక్కువ. ఏ వార్తకు జనులు 'అట'ను విడుచుచున్నారు? తమ పక్షమువారిని గూర్చిన మంచికి 'చేశాడు', ఎదుటి పక్షమువారి మంచికి 'చేశాడట' యని వాడుచున్నారా? ఇది నా అనుమానము, పరిశీలించినగాని నిలువదు. కేంద్ర విశ్వవిద్యాలయములలో మరాఠీ, తమిళము, కన్నడము, బంగ్లా, నేపాలీ అధ్యాపకులు పలుచోట్ల ఒకే కప్పు క్రింద నున్నారు. ఒకే వార్తను గూర్చిన ప్రసంగమును తమ తమ భాషలలో వ్రాసికొని, 'మ్హణే'ను, 'ఆమ్'ను, 'రే'ను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు మనకంటె తగిన చోటు వేఱొకటి లేదు. ఇందుకు కావలసినది శ్రద్ధయే.

మహాభాష్యమున పరోక్షచర్చ జరిగిన తావుననే ఒక చిన్న కథ కలదు. వైయాకరణుడైన శాకటాయనుడు బండిబాట ప్రక్కన కూర్చుండియు, ఎదుటనుండి పోవుచున్న బండ్ల బిడారును చూడలేదట. కన్నులు తెరచియే యున్నవి. మనసు వేఱొకచోట నున్నది. కావున కన్నులయెదుట జరిగినదియు ఆయనకు పరోక్షమే. మన చుట్టును దినదినము పోవుచున్న ప్రసంగముల బిడారును మనము చూడకున్నచో, రేపు మనలను గూర్చియు ఇట్లే చెప్పుకొందురు: భాష తెలిసినవారే అక్కడ కూర్చున్నారట, చూడలేదట. ఆ 'అట'ను 'లేదు' అని త్రోసివేయు అవకాశము ఇప్పటికిని మన చేతిలో నున్నది. సహోదరాధ్యాపకులు విచారింతురు గాక.